క్లారినెట్ రీడు, మౌత్‌పీసు: జోడు కుదుర్చుట

క్లారినెట్ కచేరి ప్రసారమగుచుండగా నడుమ కీచుమను ధ్వని వినవచ్చినచో శ్రోతలు తమ రేడియోనో, మమ్మునో నిందింతురు. తరచుగా దోషము వేలెడు పొడవైన ఒక రెల్లుబద్దది.

సన్నాయి పీకలో రెండు పొరలు ఒకదానికొకటి తగిలి మ్రోగును. క్లారినెట్టునకు రీడు ఒక్కటే. అది మౌత్‌పీసు అంచునకు తగిలి మ్రోగును. కావున ఈ రీడు మంచిదా యని అడిగిన చాలదు, ఏ మౌత్‌పీసునకు అని కూడ అడుగవలెను. ఆ రెండింటి కొనల నడుమ సందు సుమారు ఒక మిల్లీమీటరు. సందు హెచ్చినకొలది రీడు ఎక్కువగా వంగవలసియుండును గనుక మెత్తనిది కావలెను. సందు తక్కువైనచోట మెత్తనిది మూసికొనిపోయి నాదము పలుచబడును. అచట గట్టిది తగును.

పెట్టెలపై 2, 2½, 3 అను అంకెలు ఈ గట్టిదనమునకు గుర్తులు. అంకెతోపాటు విద్వత్తు పెరుగునని భ్రమించు విద్యార్థులు లేకపోలేదు! ఒక తయారీదారు 3 మరియొకరి 3తో సరిపోలదు. ఒకే పెట్టెలోని రీడులును ఒక్కతీరున నుండవు. దక్షిణ ఫ్రాన్సులోని వార్ ప్రాంతపు రెల్లు ప్రసిద్ధమే; అయినను అది గడ్డిజాతి మొక్కయే కదా. 2022లో పద్మశ్రీ నందిన ఎ.కె.సి. నటరాజన్ గారి వాదనము విన్నవారికి క్లారినెట్టుపై గమకము ఎట్లు పలుకునో తెలియును. పెదవి సడలించి స్వరమును జార్చవలసిన అట్టి సంగీతమునకు మరీ గట్టిరీడు లొంగదు.

క్రొత్తరీడును తొలినాడే కచేరి కెక్కింపరాదు. ఒకటి రెండు నిమిషములు నీట తడిపి, మొదటిరోజు ఐదు నిమిషములు మాత్రము, తారస్థాయికి పోక, మెల్లగా ఊదవలెను. వారము దినములు కొద్దికొద్దిగా కాలము పెంచవలెను. ఊదిన పిదప తుడిచి, గాజుపలకపై ఆరనీయవలెను. మూడు నాలుగు రీడులను వంతులవారీగా వాడుట మేలు.

బిగువుగా నున్నదని వెంటనే గీరరాదు. గీరినది మరల రాదు. ముందుగా రీడును వెంట్రుకవాసి క్రిందికి జరిపి చూడుడు, మెత్తపడును. పైకి జరిపిన గట్టిపడును.

ఒకసారి మా స్టూడియోలో ఒక విద్వాంసుడు అప్పుడే విప్పిన రీడుతో కూర్చుండెను. తని ఆవర్తనము ముగియునంతలో చల్లని పొడిగాలికి కొన ఆరిపోయినది. తిరిగి అందుకొన్న మొదటి స్వరమే కీచుమన్నది. నాటినుండి క్లారినెట్ కచేరి యున్నచో విద్వాంసులను అరగంట ముందుగా రప్పించుచున్నాము. వారి చెంత ఒక గ్లాసుతో నీళ్లును ఉంచుచున్నాము.