గొర్రెకు చుట్టమైన కొండమేక

కోయంబత్తూరు వైపు మనవాళ్ళు వాల్పారై ఘాట్ ఎక్కేటప్పుడు మలుపుల దగ్గర బండల మీద నిలబడిన వరయాడును చూసే ఉంటారు. అదే నీలగిరి తార్, తమిళనాడు రాష్ట్ర జంతువు. తమిళంలో 'వరై' అంటే కొండ. ముదిరిన పోతుకు వీపు తెల్లబడి జీను వేసినట్టుంటుంది.

బ్యాంకులో మేకల అప్పు, గొర్రెల అప్పు విడివిడిగా రాసిన నేను దీన్ని మేకల పద్దులోనే వేసుకున్నాను. శాస్త్రజ్ఞులూ చాలాకాలం దీన్ని హిమాలయ తార్‌తో జతకట్టారు. 2005లో జన్యువులు పరిశీలిస్తే లెక్క తిరగబడింది. హిమాలయ తార్ మేకలకు దగ్గర, మన నీలగిరిది గొర్రెలకు దగ్గర! మేకనూ గొర్రెనూ కలిపి 'ఆడు' అనే తమిళుల మాట మాత్రం తప్పలేదు.

కేరళ, తమిళనాడు పడమటి కనుమల్లో తప్ప ఇది మరెక్కడా సహజంగా బతకదు. కొండల మీది గడ్డే దీని ఆధారం. ఆ గడ్డినేలల్లో తేయాకు, యూకలిప్టస్, వాటిల్ నాటడంతో మందలు ఒక కొండ నుంచి మరో కొండకు పోలేక విడిపోయాయి. 2025లో రెండు రాష్ట్రాలూ కలిసి లెక్కిస్తే 2,668 తేలాయి.

పోయినసారి ఘాట్‌లో ఒక కారువారు వాటికి చిప్స్ విసురుతుంటే మా అమ్మాయి దిగి వెళ్ళి ఆపింది.