బూట్ కాలేదని డిస్కును పారేయకండి

2024 జూలై 19న శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు పెన్నుతో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఇండిగో విమానం పాసు ఫొటో ఆ రోజు దేశమంతా తిరిగింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ ఉదయం 9.39కి పంపిన ఒక అప్‌డేట్ దీనికి మూలం. 78 నిమిషాల్లోనే దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆలోపే, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల విండోస్ యంత్రాలు దెబ్బతిన్నాయి.

టేబుల్ మీది కంప్యూటరైతే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ అప్‌డేట్ ఫైలు తీసేయొచ్చు. క్లౌడ్‌లోని వర్చువల్ మెషీన్ ముందు ఎవరు కూర్చుంటారు? రంగారెడ్డి జిల్లా షాబాద్ మండలం చందన్‌వెల్లిలో అమెజాన్ డేటా సెంటర్ ఉంది. ఆ సంస్థ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో మొదలైంది. అలాంటి చోట ఒకే సర్వర్ మీద ఎన్నో వర్చువల్ మెషీన్లు నడుస్తుంటాయి. వాటి హార్డ్ డిస్కు చేత్తో ఊడదీసేది కాదు. మన ల్యాప్‌టాప్‌లోని వర్చువల్‌బాక్స్‌లోనైతే అది ఒక పెద్ద ఫైలు. డిస్క్ ఇమేజ్ అంటే అదే.

ఆ రోజు క్లౌడ్ ఇంజినీర్లు చేసిన పని ఇది: పడిపోయిన మెషీన్‌ను ఆపారు, దాని డిస్కును విడదీసి, బాగున్న మరో మెషీన్‌కు రెండో డిస్కుగా తగిలించారు. సి-00000291తో మొదలయ్యే ఫైలును తీసేసి, డిస్కును తిరిగి పాత చోట పెట్టారు. మెషీన్ లేచింది. లోపలి డేటా చెక్కుచెదరలేదు.

మొయినాబాద్, చిలుకూరు వైపు ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివే పిల్లలకు ఈ పద్ధతి బాగా తెలిసి ఉండాలి. సీనియర్ ఇచ్చిన ఇమేజ్ బూట్ కాకపోతే చాలామంది వెంటనే ఫార్మాట్ కొట్టేస్తారు. అంత తొందర అక్కర్లేదు. మెషీన్ ఏ మెట్టు దగ్గర ఆగిందో తెర మీది సందేశమే చెబుతుంది.

‘నో బూటబుల్ డివైస్’ అని వస్తే తొలి మెట్టులోనే ఆగినట్టు. పాత పద్ధతిలో బయోస్ డిస్కులోని మొదటి 512 బైట్లను చదువుతుంది. వాటి చివర 55, ఏఏ అనే రెండు బైట్లు గుర్తుగా ఉండాలి. యూఈఎఫ్‌ఐ పద్ధతిలో బూట్ ఫైళ్లకు వేరే పార్టిషన్ ఉంటుంది. యూఈఎఫ్‌ఐ కింద ఇన్‌స్టాల్ చేసిన ఇమేజ్‌ను బయోస్ సెట్టింగ్‌తో నడిపితే డిస్కు బాగానే ఉన్నా బూట్ కాదు. సెట్టింగ్స్‌లో ఈఎఫ్‌ఐ దగ్గర ఒక్క టిక్కు పెడితే సరిపోవచ్చు. ఇమేజ్ సగమే కాపీ అయిందేమో కూడా చూడండి. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో 4 జీబీకి మించిన ఫైలు పట్టదు. ఇచ్చినవాళ్ల దగ్గరున్న ఫైలు షా-256 విలువను మీ ఫైలు విలువతో పోల్చితే తేడా తేలిపోతుంది.

గ్రబ్ మెనూ కనిపించి, ఆ తర్వాత లైనక్స్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ దగ్గర నిలిచిపోతే వ్యవహారం వేరు. బూట్‌లోడర్ పని చేసింది. కెర్నల్‌కే డిస్కు దొరకకపోయి ఉండొచ్చు. సాటా కంట్రోలర్ మీద తయారైన ఇమేజ్‌ను విర్ట్‌ఐఓ కిందకు మార్చితే డ్రైవర్ లేక ఇలా కావచ్చు. ఎఫ్‌స్టాబ్‌లో ఎస్‌డీఏ అని పేరు రాసి ఉంటే, కొత్త చోట అదే డిస్కు వీడీఏ కావచ్చు, అప్పుడు పాత పేరు పనికిరాదు. యూయూఐడీ రాస్తే ఈ బాధ ఉండదు. విండోస్‌లో ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అనే నీలి తెరకూ చాలాసార్లు కంట్రోలర్ మార్పే కారణం. కంట్రోలర్‌ను మళ్లీ సాటాకు మార్చి బూట్ చేయండి, డ్రైవర్ వేయండి, ఆ తర్వాతే విర్ట్‌ఐఓకు వెళ్లండి.

స్నాప్‌షాట్లున్న ఇమేజ్‌లో మూల ఫైలును కదపొద్దు. దాని మీద ఆధారపడిన ఫైళ్లన్నీ పనికిరాకుండా పోతాయి. ఏ మరమ్మతుకైనా ముందు మెషీన్‌ను ఆపి, ఇమేజ్‌కు కాపీ తీసుకోండి. ఎఫ్‌ఎస్‌సీకే లాంటి రిపేరు ఆదేశాలు ఆ కాపీ మీదే నడపండి.