తరంగ మైత్రి – హామ్ రేడియో

సాటి మనిషితో మాట్లాడాలన్న కోరిక మానవునికి సహజమైనది. కంఠధ్వని చేరని దూరాలకు తన మాటను చేర్చడానికి అతడు ఏనాటినుంచో ప్రయత్నిస్తున్నాడు. భేరీనాదం, కొండకొమ్మున వెలిగించిన మంట, పావురం కాలికి కట్టిన లేఖ, తంతి, టెలిఫోను – ఇవన్నీ ఆ ప్రయత్నంలోని మజిలీలే. నేడు సెల్‌ఫోను సహాయంతో లోకంలో ఏ మూలనున్నవారితోనైనా క్షణంలో మాట్లాడగలుగుతున్నాము. అయితే ఈ సౌకర్యం వెనుక టవర్లు, తీగలు, విద్యుత్తు, అసంఖ్యాకులైన ఉద్యోగుల శ్రమ ఉన్నాయి. ఆ గొలుసులో ఒక్క లంకె తెగినా చేతిలోని ఫోను మూగబోతుంది. అటువంటి వేళలో కూడా మాట్లాడగల సాధనమొకటి ఉన్నది. మధ్యలో ఏ సంస్థ ప్రమేయమూ లేకుండా ఒక యంత్రం, ఒక తీగ, ఒక బ్యాటరీ ఆధారంగా సామాన్య పౌరుడు ఖండాంతరాలకు తన మాటను పంపగల ఆ సాధనమే అమెచ్యూర్ రేడియో. వ్యవహారంలో దీనిని హామ్ రేడియో అని, దీనిని నడిపేవారిని హామ్‌లని పిలుస్తారు. నైపుణ్యం లేని తంతి ఉద్యోగులను ఎగతాళి చేయడానికి పుట్టిన ఆ మాటను అభిరుచిగలవారు తమకు బిరుదుగా స్వీకరించడం విశేషం.

పనికిరావన్న తరంగాలు

హామ్ రేడియోలో ధనార్జనకు తావులేదు. విజ్ఞానాభిలాష, స్వయంశిక్షణ, స్నేహం దీని ప్రయోజనాలు. అయినప్పటికీ రేడియో విజ్ఞాన చరిత్రలో ఈ అభిరుచిదారులు పొందిన స్థానం చిన్నది కాదు.

1901 డిసెంబరు 12న మార్కోనీ అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా సంకేతాన్ని అందుకొన్నప్పటినుంచి, ఎందరో యువకులు తమ ఇండ్లలోనే రేడియో యంత్రాలను నిర్మించసాగారు. వారి సంఖ్య పెరిగేసరికి నౌకల వార్తలకు అంతరాయం కలుగుతున్నదని ఫిర్యాదులు వచ్చాయి. అమెరికా ప్రభుత్వం 1912లో చేసిన చట్టం అభిరుచిదారులను 200 మీటర్లు, అంతకంటె తక్కువ పొడవుగల తరంగాలకు పరిమితం చేసింది. తరంగం ఎంత పొడవైనదైతే అంత దూరం పోతుందని ఆనాటి నిపుణుల విశ్వాసం. అందువల్ల పొట్టి తరంగాలు ఎందుకూ కొరగానివని భావించి వాటిని వీరికి వదలివేశారు.

ఆ నమ్మకాన్ని అభిరుచిదారులే తలక్రిందులు చేశారు. 1923 నవంబరులో ఫ్రాన్సు, అమెరికా దేశాల హామ్‌లు సుమారు నూరు మీటర్ల తరంగాలపై అట్లాంటిక్ మీదుగా పరస్పరం సంభాషించారు. మరుసటి సంవత్సరం అక్టోబరు 18న లండన్ నగరంలోని మిల్ హిల్ పాఠశాల నుంచి సెసిల్ గోయ్‌డర్ అనే విద్యార్థి, న్యూజిలాండ్‌లో ఒక గొర్రెల పెంపక క్షేత్రంలో ఉన్న ఫ్రాంక్ బెల్‌తో మాటలు కలిపాడు. భూగోళానికి ఇంచుమించు ఆవలి అంచున ఉన్న దేశంతో జరిగిన ఆ సంభాషణనాటికి గోయ్‌డర్ వయస్సు 18 సంవత్సరాలు. ఈ గోయ్‌డరే 1936లో మన దేశానికి వచ్చి ఆలిండియా రేడియో ముఖ్య ఇంజనీరుగా పనిచేశాడు. దేశమంతటా ప్రసారాలు వినిపించడానికి పొట్టి తరంగాలను వినియోగించడంలో అతడు ప్రధాన పాత్ర వహించాడు. ఒక విద్యార్థి అభిరుచి ఒక దేశపు ప్రసార వ్యవస్థకు ఉపకరించిన ఉదంతమిది.

పొట్టి తరంగాలు అంతదూరం పోవడానికి కారణం ఆకాశంలో ఉన్నది. సూర్యకిరణాల ప్రభావంవల్ల వాతావరణం పైభాగంలో విద్యుదావేశంగల పొర ఏర్పడుతుంది. దానిని అయనోస్ఫియర్ అంటారు. భూమినుంచి ఏటవాలుగా వెళ్ళిన తరంగాలు ఆ పొరలో వంగి మళ్ళీ నేలకు చేరుతాయి. నేలనుంచి తిరిగి పైకెగసి మరొక అంగ వేస్తాయి. ఈ పొర స్వభావం పగటికీ రాత్రికీ మారుతుంది. సుమారు పదకొండేండ్లకొకసారి హెచ్చి తగ్గే సూర్యబింబంలోని మచ్చలనుబట్టి కూడా మారుతుంది. అందువల్ల ఏ వేళ ఏ తరంగం ఏ దేశాన్ని చేరుతుందో తెలిసికొనడం హామ్‌లకు నిత్యనూతనమైన అధ్యయనం.

మన దేశంలో హామ్ రేడియో

భారతదేశంలో 1921లో అమరేంద్రచంద్ర గుప్తు మొట్టమొదటి హామ్‌గా అనుమతి పొందాడు. ముకుల్ బోస్ ఆయనను అనుసరించాడు. 1929నుంచి మన దేశపు కేంద్రాలకు ‘వీయూ’ అనే అక్షరాలు గుర్తుగా ఏర్పడ్డాయి. రెండవ ప్రపంచయుద్ధం ఆరంభం కాగానే ఆంగ్ల ప్రభుత్వం హామ్‌ల అనుమతులను రద్దుచేసింది. అయినా క్విట్ ఇండియా ఉద్యమకాలంలో, 1942 ఆగస్టు 27న ఉషా మెహతా, ఆమె సహచరులు బొంబాయిలో రహస్యంగా కాంగ్రెస్ రేడియోను ప్రారంభించారు. నవంబరు 12న పోలీసులు పట్టుకొనేవరకు ఆ గొంతు వినిపిస్తూనే ఉన్నది. స్వాతంత్ర్యానంతరం 1948లో మధ్యప్రదేశ్‌లోని మౌ పట్టణంలో అఖిలభారత స్థాయిలో హామ్‌ల సంఘం ఏర్పడింది. హైదరాబాదులో 1983లో నెలకొన్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తెలుగునాట ఈ విద్యావ్యాప్తికి విశేషంగా కృషిచేసింది. రాజీవ్ గాంధీ కూడా అనుమతి పొందిన హామ్.

అనుమతి – అర్హత

రేడియో తరంగాలు గాలివలె అందరివి. ఒకరు అజాగ్రత్తగా వాడితే విమానాలకు, నౌకలకు, పోలీసులకు, ఇరుగుపొరుగు హామ్‌లకు అంతరాయం కలుగుతుంది. అందుచేత ప్రభుత్వ అనుమతి లేకుండా ప్రసారం చేయడం నేరం. మన దేశంలో ఈ అనుమతిని కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖకు చెందిన వైర్‌లెస్ ప్రణాళిక, సమన్వయ విభాగం ఇస్తుంది. 1978 నియమావళిని 2009లో సవరించి, అనుమతులను రెస్ట్రిక్టెడ్, జనరల్ అనే రెండు తరగతులుగా విభజించారు. పన్నెండేండ్లు నిండినవారు పరీక్షకు అర్హులు. రేడియో సిద్ధాంతం, నియమాలు పరీక్షలోని విషయాలు. జనరల్ తరగతిని కోరేవారు వీటితోపాటు మోర్స్ సంకేతలిపిని నిమిషానికి ఎనిమిది మాటల వేగంతో పంపగలగాలి, గ్రహించగలగాలి అని ఆ సవరణ నిర్దేశించింది.

పరీక్షలో ఉత్తీర్ణులై, పోలీసు విచారణ ముగిసిన తరువాత అభ్యర్థికి ఒక సంకేతనామం లభిస్తుంది. సాధారణంగా అది ‘వీయూ’తో మొదలై, తరగతిని సూచించే అంకె, ఆపై రెండు లేక మూడు అక్షరాలతో ముగుస్తుంది. అండమాన్ దీవులకు నాలుగు, లక్షద్వీపాలకు ఏడు గుర్తుగా నిర్ణయించారు. ప్రపంచంలో ఒకరి సంకేతనామం మరొకరికి ఉండదు. గాలిలో హామ్‌కు అదే ఇంటిపేరు, ఊరిపేరు, గౌరవచిహ్నం.

పరికరాలు

హామ్ కేంద్రం ఏర్పాటుకు ధనవంతుడే కానక్కరలేదు. ప్రసారాన్ని పంపే ట్రాన్స్‌మీటరు, అందుకొనే రిసీవరు ముఖ్యమైనవి. ఈ రెండూ కలిసిన యంత్రాన్ని ట్రాన్స్‌సీవరు అంటారు. పన్నెండు వోల్టుల కారు బ్యాటరీతో ఇటువంటి చిన్న యంత్రాలు పనిచేస్తాయి. విద్యుత్తు లేని చోట్ల వీటి విలువ తెలుస్తుంది.

యంత్రం ఎంత గొప్పదైనా ఏంటెన్నా సరిగా లేకపోతే వ్యర్థం. దాని కొలత సులభమైన లెక్కతో తెలుస్తుంది. మూడువందలను మెగాహెర్ట్జ్‌లలోని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. హామ్‌లు ఎక్కువగా వాడే 7.1 మెగాహెర్ట్జ్‌కు అది సుమారు 42 మీటర్లు. అందులో సగం, అంటే 21 మీటర్లకు కొంచెం తక్కువగా రాగితీగను తీసికొని, నడిమికి త్రెంచి, అక్కడ కేబులు కలిపి, రెండు కొబ్బరిచెట్ల నడుమ కడితే చక్కని ఏంటెన్నా సిద్ధమవుతుంది. దీనిని డైపోల్ అంటారు. సమీపప్రాంతాలవారితో మాట్లాడటానికి 144 నుంచి 146 మెగాహెర్ట్జ్‌ల మధ్య పనిచేసే చేతిసెట్లు చాలు.

స్వహస్తాలతో యంత్రాన్ని నిర్మించుకొనడం హామ్‌లకు ప్రియమైన విద్య. హైదరాబాదుకు చెందిన అషర్ ఫర్హాన్ రూపొందించిన ‘బిటెక్స్’ అనే ట్రాన్స్‌సీవరు ఇందుకు ఉదాహరణ. ఖరీదైన విదేశీ విడిభాగాల అవసరం లేకుండా, బజారులో దొరికే సామాన్యమైన ట్రాన్సిస్టర్లతో దానిని నిర్మించవచ్చు. తీగచుట్టలకు కుళాయి వాషర్లను సైతం ఉపయోగించిన ఆ నమూనాను ఆయన అందరికీ ఉచితంగా వెల్లడించగా, అనేక దేశాల హామ్‌లు దానిని చూచి తమ యంత్రాలను నిర్మించుకొన్నారు. లేమి కూడా ఆవిష్కరణకు మార్గం చూపగలదని ఈ యంత్రం నిరూపించింది.

శ్రీహరికోట నుంచి 2005 మే 5న పీఎస్ఎల్‌వీ–సీ6 రాకెట్టు కార్టోశాట్–1తోపాటు ‘హామ్‌శాట్’ అనే 42.5 కిలోగ్రాముల ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. ఇస్రో దీనిని హామ్‌ల కోసమే ప్రయోగించింది. అందులోని రెండు ట్రాన్స్‌పాండర్లలో ఒకదానిని నిర్మించినవాడు నెదర్లాండ్స్‌కు చెందిన ఒక విద్యార్థి. 2014 వరకు ఈ ఉపగ్రహం ప్రపంచంలోని హామ్‌ల పలుకులను మోసింది.

గాలిలో మర్యాద

ఒకే పౌనఃపున్యంపై ఇద్దరు ఒకేసారి పలికితే ఎవరి మాటా వినబడదు. తాను పలుకుతున్నంతసేపు హామ్‌కు ఎదుటివాని మాట కూడా వినిపించదు. అందువల్ల ఇక్కడ మర్యాద అనేది అలంకారం కాదు, అవసరం. మాట్లాడటానికి ముందు వినడం హామ్‌ల ప్రథమ సూత్రం. కొంతసేపు విని, “ఈ పౌనఃపున్యం ఎవరైనా వాడుతున్నారా?” అని అడిగి, సమాధానం రానప్పుడే ‘సీక్యూ’ అని పిలవాలి. వినగలవారందరికీ అది ఆహ్వానం. తన సంకేతనామాన్ని స్పష్టంగా చెప్పాలి. అక్షరాలలో పొరపాటు రాకుండా ‘ఆల్ఫా, బ్రావో, చార్లీ’ వంటి అంతర్జాతీయ పదాలతో పలకాలి. తన వంతు ముగియగానే ‘ఓవర్’ అని ఎదుటివారికి అవకాశమివ్వాలి.

భాష తెలియని దేశీయులు కూడా సంభాషించడానికి ‘క్యూ’ సంకేతాలు తోడ్పడతాయి. క్యూటీహెచ్ అంటే కేంద్రమున్న స్థలం. క్యూఆర్ఎమ్ అంటే ఇతర కేంద్రాలవల్ల కలిగే అంతరాయం. క్యూఎస్ఎల్ అంటే అందినదన్న అంగీకారం. వీడ్కోలు వేళ చెప్పే ‘73’ శుభాకాంక్షలకు గుర్తు. సంభాషణను లాగ్‌పుస్తకంలో తేదీ, సమయాలతో వ్రాసికొని, జ్ఞాపకార్థం ఒకరికొకరు క్యూఎస్ఎల్ కార్డులు పంపుకొంటారు.

వ్యాపార విషయాలు, అసభ్యమైన మాటలు, సంగీత ప్రసారం, ఇతరులకు అర్థంకాని రహస్యలిపి నిషిద్ధాలు. మతరాజకీయ వివాదాలకు హామ్‌లు దూరంగా ఉంటారు. ఎంత రసవత్తరమైన సంభాషణ సాగుతున్నా ఆపదలో ఉన్నవారి పిలుపు వినబడితే తక్షణమే మౌనం వహించి వారికి దారి ఇవ్వడం అలంఘ్యమైన నియమం.

ఆపదలో ఆప్తబంధువు

ఈ క్రమశిక్షణ విలువ 2004 డిసెంబరు 26న లోకానికి తెలిసింది. అండమాన్ దీవులనుంచి హామ్‌ల ప్రసారాలు దాదాపు 17 సంవత్సరాలుగా నిలిచిపోయి ఉండగా, హైదరాబాదులోని జాతీయ సంస్థ ఆ సంవత్సరం అనుమతి సాధించింది. భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం పోర్ట్‌బ్లెయిర్‌లోని హోటలులో కేంద్రాన్ని నెలకొల్పి, వివిధ దేశాల హామ్‌లతో వేలాది సంభాషణలు జరుపుతున్నది. ఆనాటి తెల్లవారుజామున సుమత్రా తీరసమీపాన భూమి భీకరంగా కంపించింది. సునామీ దీవులను ముంచెత్తింది. టెలిఫోన్లు మూగబోయాయి.

వినోదంగా మొదలైన యాత్ర క్షణంలో సేవగా మారింది. బృందం తన యంత్రాలను అత్యవసర వార్తల కోసం వినియోగించింది. సభ్యులలో కొందరు తీవ్రంగా దెబ్బతిన్న కార్‌నికోబార్‌కు వెళ్ళి, అక్కడినుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు రేడియో వారధి నిర్మించారు. బ్రతికి బయటపడ్డవారి పేర్లు, కావలసిన ఔషధాలు, అధికారుల సందేశాలు ఆ వారధిమీదుగా నడిచాయి. దేశం నలుమూలల ఉన్న హామ్‌లు ఆ వార్తలను అందుకొని, ఆతురతతో ఎదురుచూస్తున్న బంధువులకు చేరవేశారు. మామూలు రోజులలో ఇతరుల సందేశాలను చేరవేయడం హామ్‌లకు తగదు. ప్రకృతి వైపరీత్యాలలో మాత్రం అదే వారి ధర్మం. తమవాడు క్షేమమన్న ఒక్క మాట ఆ ఘడియలో ఒక కుటుంబానికి ఎంతటి ఊరటో ఊహింపవచ్చు.

1999 ఒడిషా పెనుతుపానులో, 2001 జనవరి 26నాటి భుజ్ భూకంపంలో హామ్‌లు ఇటువంటి సేవనే అందించారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని కకావికలు చేసి సెల్‌ఫోన్ల వ్యవస్థను స్తంభింపజేసినప్పుడు ప్రభుత్వ యంత్రాంగానికి హామ్‌లు చేదోడుగా నిలిచారు. సుదీర్ఘమైన సముద్రతీరం కలిగి, తుపానుల తాకిడికి తరచుగా గురయ్యే ఆంధ్రప్రాంతానికి ఈ విద్య ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే ఆపద వచ్చిన రోజున నేర్చుకొనగల విద్య కాదిది. ప్రశాంతమైన దినాలలో ఏంటెన్నా కట్టి, బ్యాటరీ నింపి, వినడం అలవరచుకొన్నవారే ప్రళయవేళ తడబడకుండా పలుకగలరు. నిత్యసాధన లేని పరికరం అలమారలోని ఆటవస్తువుతో సమానం. భౌతికశాస్త్ర పాఠాలలో చదివిన తరంగదైర్ఘ్యం, పౌనఃపున్యం, విద్యుత్ప్రవాహం వంటి భావనలను విద్యార్థి స్వానుభవంతో గ్రహించడానికి ఇంతకు మించిన ప్రయోగశాల అరుదు. కులమత దేశభేదాలను పాటించక, ముఖమెరుగని మనిషిని మిత్రునిగా పలకరించే సంస్కారాన్ని కూడా అది నేర్పుతుంది. ముందు వినడం, క్లుప్తంగా సత్యం చెప్పడం, ఆపన్నునికి దారి ఇవ్వడం – హామ్‌లు గాలిలో పాటించే ఈ మూడు నియమాలు నేలమీది జీవితానికీ శిరోధార్యాలే.

ప్రశ్నలు

1. పొట్టి తరంగాల శక్తిని అభిరుచిదారులు ఏ విధంగా నిరూపించారు?
2. హామ్‌లు గాలిలో పాటించవలసిన మర్యాదలను వివరించండి.
3. 2004 సునామీ సమయంలో అండమాన్‌లోని హామ్ బృందం చేసిన సేవను వివరించండి.
4. రేడియో ప్రసారాలకు ప్రభుత్వ అనుమతి ఎందుకు అవసరం?
5. డైపోల్ ఏంటెన్నా కొలతను ఎలా లెక్కిస్తారు?
6. ‘73’ అనే అంకె దేనికి గుర్తు?