నలభై ఎకరాలు ఎటు పోయినై?

మేడే నాడు ఆర్మూరులో జెండా ఎగరేసి చికాగో కార్మికుల త్యాగం చెప్పుకుంటాం. 1886లో ఎనిమిది గంటల పనిదినం కోసం లేచిన ఆ సమ్మె ఫ్యాక్టరీ కార్మికులది. అంతకు ముందు రెండున్నర వందల ఏండ్లు ఆ దేశంలో పొలం పని చేసినోళ్ల సంగతేమిటి? కూలీలుగా మనకు కావలసిన కథ అది.

1607లో ఇంగ్లీషోళ్లు వర్జీనియాలో జేమ్స్‌టౌన్ వలస పెట్టారు. ఆదివాసుల భూములు క్రమంగా గుంజుకున్నారు. ఇక దున్నే చేతులు కావాలి. 1619 నుంచి ఆఫ్రికా మనుషులను తెచ్చి అమ్మారు. 1776లో మనుషులంతా సమానమని ప్రకటన రాసిన జెఫర్సన్ స్వయంగా బానిసల యజమాని! 1793లో విట్నీ అనేటాయన పత్తి గింజ తీసే యంత్రం చేశాడు. యంత్రమొస్తే చాకిరీ తగ్గుతుందనుకుంటాం. అక్కడ పత్తి లాభసాటి అయ్యేసరికి సాగు పెరిగింది, బానిసలూ పెరిగారు. ఆ పత్తితోనే ఇంగ్లండు మిల్లులు నడిచినై, న్యూయార్కు షావుకార్లు బలిసినారు.

1861లో అంతర్యుద్ధం. 1865 జనవరిలో జనరల్ షెర్మన్ ఒక ఉత్తర్వు వేశాడు: దక్షిణ తీరంలో దొరలు వదిలిపోయిన భూములను విముక్తులైన నల్లవారికి, కుటుంబానికి 40 ఎకరాలు మించకుండా పంచాలి. సుమారు 40 వేల మంది ఆ నేలల్లో దిగారు. ఏడాది తిరక్కుండానే అధ్యక్షుడు జాన్సన్ వాటిలో చాలావరకు పాత యజమానులకే తిప్పి ఇచ్చాడు. దేశంలో భూమి లేకనా? రైలు కంపెనీలకు కోట్ల ఎకరాలు ధారపోసిన ప్రభుత్వమే అది. బానిసత్వం చట్టంలో పోయింది. మనిషి మాత్రం మళ్లీ దొర పొలమే పాలుకు చేశాడు, దుకాణంలో తిండి అప్పుకు తెచ్చాడు, పంట నాడు లెక్క చూస్తే బాకీదారుగానే తేలాడు.

అప్పు కింద దొర గడీకి కట్టుబడి పనిచేసిన మన తెలంగాణ భగేలాలకు ఈ లెక్క తెలియనిది కాదు. మన జిల్లాలో 1931కి నిజాంసాగర్ పూర్తయింది. కాలువ నీళ్లకు చెరుకు వచ్చింది, చెరుకు కోసం బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. 1946–51 సాయుధ పోరాటం వెట్టి నడుం విరిచింది. 1950 చట్టం కౌలుదారుకు రక్షణ అన్నది. అయినా చాలామందిని పట్టాదారులు వెళ్లగొట్టారు, కొందరితో ‘మా ఇష్టంతోనే వదులుకున్నాం’ అనిపించుకున్నారు. షెర్మన్ కాగితానికీ ఈ కాగితానికీ పెద్ద తేడా కనబడదు.

2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 170 మందికి పైగా రైతులు పోటీకి దిగారు. పసుపు బోర్డు, గిట్టుబాటు ధర అడిగారు. న్యాయమైన కోరికే, మేమూ బలపరుస్తాం. 2025 జనవరిలో బోర్డు మొదలైంది. అందులో రైతుల, ఎగుమతిదారుల ప్రతినిధులుంటారని 2023 అక్టోబరులో కేంద్రం చెప్పింది. పసుపు తవ్వి, కొమ్ములు విరిచి, ఉడకబెట్టి, ఆరబెట్టే కైకిలోళ్ల ఊసు ఆ ప్రకటనలో లేదు. తవ్వకాలు మొదలయ్యేలోపే కూలి రేటు, పని గంటలు రాతలో పెట్టాలని ఊరూరా అడుగుదాం. బోర్డులో కూలీల మనిషికీ చోటు కావాలని అర్జీలు పెడదాం.