ఒజిబ్వేల జీవనాధారం నీటిలో పండే 'మనోమిన్'

ఉత్తర అమెరికాలోని గ్రేట్ లేక్స్ పరిసరాల్లో నివసించే ఒజిబ్వేలు అల్గాంక్వియన్ కుటుంబానికి చెందిన భాష మాట్లాడే ఆదివాసులు. లోతు తక్కువ సరస్సుల్లో దానంతటదే పెరిగే 'మనోమిన్' వారి సంప్రదాయ ఆహార ధాన్యం. ఆంగ్లంలో దీన్ని అడవి వరి అంటారు గానీ, మన వరికి ఇది దూరపు బంధువు మాత్రమే.

ఈ పంటకు కొడవలి అక్కరలేదు. పడవలో ఒకరు నిలబడి గెడ వేస్తుండగా, మరొకరు ఒక కర్రతో కంకులను పడవలోకి వంచి, రెండో కర్రతో మృదువుగా తడతారు. పండిన గింజలే రాలుతాయి. నీటిలో పడినవి మరుసటి ఏటికి విత్తనాలవుతాయి. ఇంటికి చేర్చిన గింజలను వేయించి, కాళ్లతో తొక్కి, ఊక పోయేలా చెరుగుతారు. ఈ పనులు సాగే మాసం పేరే 'మనోమినికే గీజిస్'. తెలుగు 'నెల' వలెనే 'గీజిస్' చంద్రుణ్నీ, మాసాన్నీ కూడా సూచిస్తుంది.

1837 నాటి ఒప్పందంలో కొన్ని ఒజిబ్వే సమూహాలు తమ భూములను అమెరికా ప్రభుత్వానికి వదులుకున్నా, అక్కడ వేటకు, చేపలు పట్టడానికి, మనోమిన్ సేకరణకు హక్కును నిలుపుకున్నాయి. ఆ ఒప్పంద హక్కులు చెల్లుతాయని అమెరికా సుప్రీంకోర్టు 1999లో తీర్పునిచ్చింది. అయితే నీటిలో సల్ఫేటు పెరిగితే ఈ మొక్క క్షీణిస్తుంది. మినసోటా రాష్ట్రం 1973లోనే లీటరుకు 10 మిల్లీగ్రాముల పరిమితి విధించింది. ఇనుప ఖనిజపు గనుల ప్రాంతంలో దాని అమలుపై వివాదం మాత్రం ఏళ్ల తరబడి సాగుతోంది.