మరపు ఎవరి తప్పు?

ఒక పెద్ద హాలు. వరుసలుగా పరచిన పొడవాటి బల్లలు. ప్రతి బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుని, బొమ్మలు అచ్చువేసిన పేకముక్కలతో మౌనంగా పోరాడుతున్నారు. వారిలో ఒక జంటను ఊహించుకోవచ్చు. ఒక ఆటగాడి ముందు 'సోల్ వార్డెన్' అనే చిన్న ముక్క ఉంది. దాని మీద రాసి ఉన్నది ఒక్క వాక్యమే: మరో ప్రాణి రంగంలోకి వచ్చినప్పుడల్లా యజమాని ప్రాణబలం ఒకటి పెరుగుతుంది. అతడు కొత్త ప్రాణిని రంగంలోకి దించాడు. మనసంతా రాబోయే దాడి మీదనే ఉన్నందువల్ల, పక్కనున్న కాగితం మీద ఆ ఒక్క అంకె పెంచటం మరచాడు. ఎదుటివాడు చూశాడు. చూసి, ఏమీ ఎరగనట్టు తన ముక్కలు సర్దుకున్నాడు. ఇరవై నిమిషాల తరువాత మొదటివాడి ప్రాణబలం సరిగ్గా సున్నాకు దిగి ఆట ముగిసింది. ఆ మరచిన ఒకటి ఉండి ఉంటే అతడింకా బతికి ఉండేవాడు.

ఎదుటివాడు చేసినది నేర్పా, వంచనా? ఒకప్పుడు ఆ ఆట పోటీ నియమాలు దీనికొక సమాధానం చెప్పేవి. 2012 నుంచి అందుకు పూర్తిగా విరుద్ధమైన సమాధానం చెబుతున్నాయి.

ఆ ఆట పేరు 'మ్యాజిక్: ది గ్యాదరింగ్'. ముక్కలు కొని, కూడబెట్టి, ఇచ్చిపుచ్చుకుని, వాటిలోంచి ఎవరి పేక వారు కట్టుకుని ఆడే ఆటలకు ఇదే ఆద్యం. దీని సృష్టికర్త రిచర్డ్ గార్ఫీల్డ్ అమెరికా గణితశాస్త్రవేత్త. తండ్రి వాస్తుశిల్పి కావటంతో ఆయన బాల్యంలో కొంత భాగం బంగ్లాదేశ్‌లోను, నేపాల్‌లోను గడిచింది. 1993 ఆగస్టులో ఆట వెలువడింది. మరుసటి ఏటనే ప్రపంచ పోటీ జరిగింది. 1996 నుంచి బహుమతి ధనంతో కూడిన వృత్తి పోటీలు మొదలయ్యాయి. వినోదం జీవనోపాధిగా మారిన చోట నియమం చట్టంగా మారక తప్పదు కదా.

మామూలు పేకాటలో నియమాలు ఆటగాళ్ళ బుర్రలో ఉంటాయి. ముక్క మీద అంకె, రంగు తప్ప మరేమీ ఉండవు. ఇక్కడ ప్రతి ముక్కా తన నియమాన్ని తానే మోసుకొస్తుంది. ఇంతవరకు వెలువడిన వేర్వేరు ముక్కలు 25 వేలకు పైమాటే. వాటిలో వేల సంఖ్యలో కనిపించే ఒక తరహా శక్తిని 'ట్రిగ్గర్' అంటారు. అది తుపాకి మీట వంటిది. ఫలానాది జరిగినప్పుడు, జరిగినప్పుడల్లా, లేదా ఫలానా ఘట్టం ఆరంభంలో, ఇంకొకటి జరిగితీరుతుందని ముక్క చెబుతుంది. ఆటగాడు కోరాలా అక్కరలేదా అన్న ప్రసక్తి లేదు. మూలనియమాల ప్రకారం ఆ మీట తనంతట తానే పేలుతుంది.

చిక్కంతా అక్కడే ఉంది. నియమగ్రంథంలో తనంతట తాను పేలే మీట, బల్ల మీద మాత్రం కాగితపు ముక్కే. దానికి గంట లేదు, దీపం లేదు. యాభై నిమిషాల గడువులో మూడింట రెండు ఆటలు గెలవాలని తొందరపడుతున్న మనిషి గుర్తుంచుకుంటేనే అది జరుగుతుంది. లేకుంటే జరగవలసినది జరగకుండానే ఆట ముందుకు పోతుంది. ఆ తరువాత ఎవరో గమనించి చేయెత్తి జడ్జిని పిలుస్తారు.

పాత పద్ధతిలో బల్ల మీది స్థితి సక్రమంగా ఉండేటట్టు చూడటం ఇద్దరి బాధ్యత. తప్పనిసరి ట్రిగ్గర్‌ను యజమాని మరిస్తే అతడికి హెచ్చరిక. గమనించని ప్రత్యర్థికి కూడా, ఆట స్థితిని కాపాడలేదన్న పేరుతో మరో హెచ్చరిక. తెలిసీ మాట్లాడకపోతే అది వంచన కిందికి వచ్చేది. అంటే తనను ఓడించటానికి కూర్చున్నవాడికి అతడి ఆయుధాలను తానే అందించాలన్నమాట. వినటానికి ఉదాత్తంగానే ఉంది. కాని పోటీలో పాల్గొన్నవారికి ఇది మింగుడు పడలేదు. తన పేకను తానే గుర్తుంచుకోలేని ఆటగాడికి ఎదుటివాడు జ్ఞాపకశక్తిగా పని చేయటమేమిటని వారు అడిగారు. అందులో న్యాయం లేకపోలేదు.

ఈ పద్ధతి ఎంత విడ్డూరాలకు దారితీసిందో చెప్పటానికి రెండు ముక్కలు చాలు. 1998లో వచ్చిన సోల్ వార్డెన్ ప్రకారం ప్రాణబలం పెరిగితీరుతుంది. 2010లో వచ్చిన 'సోల్స్ అటెండెంట్' ప్రకారం యజమాని కోరితే పెంచుకోవచ్చు. ఖరీదు ఒకటే, బలం ఒకటే, ఫలితం ఒకటే. తేడా అల్లా ఆ 'వచ్చు' మాత్రమే. రెండింటినీ ఒకే పేకలో కలిపి కట్టటం ఆటగాళ్ళకు ఎంతో ఇష్టం. దానికి 'సోల్ సిస్టర్స్' అని పేరు కూడా పెట్టారు. ఇప్పుడు ఒక ప్రాణి రంగంలోకి దిగింది. యజమాని ఇద్దరు అక్కాచెల్లెళ్ళనూ మరచాడు. చెల్లెలి విషయంలో అతడు అవకాశం వదులుకున్నట్టు లెక్క; ఏ తప్పూ లేదు. అక్క విషయంలో ఇద్దరు ఆటగాళ్ళూ దోషులు! ఒకే క్షణంలో, ఒకే మరపుకు రెండు తీర్పులు. ఆట తెలియని వాడెవడైనా చూస్తే నవ్విపోతాడు.

కొన్ని అరకొర సవరణల తరువాత 2012లో నియమకర్తలు మొత్తం దృక్పథాన్నే మార్చారు. ఎవరి ట్రిగ్గర్‌ను వారే గుర్తుంచుకోవాలి. ఎదుటివాడి ట్రిగ్గర్‌ను గుర్తు చేయవలసిన పని లేదు. ఇష్టమైతే ఒక వంతు లోపల చెప్పవచ్చు. పైన ఊహించుకున్న ప్రత్యర్థి ఇప్పుడు నిర్దోషి.

భారతదేశంలో క్రికెట్ చూసే ఎవరికీ ఈ సూత్రం కొత్త కాదు. బ్యాటు అంచుకు తాకిన బంతి కీపర్ చేతిలో పడినా, ఫీల్డింగ్ పక్షం అప్పీలు చేయకపోతే అంపైరు వేలెత్తటానికి వీలు లేదు. ప్రస్తుత క్రికెట్ చట్టాలలో 31వది ఈ సంగతినే చెబుతుంది. తరువాతి బంతికి బౌలర్ పరుగు మొదలుపెట్టే లోపలే అడగాలి. ఆ తరువాత అడిగినా ప్రయోజనం లేదు. చదరంగంలోనూ అంతే. ఒకే స్థితి మూడుసార్లు వస్తే ఆట డ్రా అని కోరే హక్కు పుడుతుంది గాని, కోరనిదే డ్రా కాదు. 2014 నుంచి అయిదుసార్లు వస్తే మాత్రం ఎవరూ అడగకపోయినా డ్రాగా పరిగణిస్తున్నారు. హక్కు ఉండటం వేరు, దాన్ని సకాలంలో వాడుకోవటం వేరు అన్న భావన ఈ ఆటలన్నిటా ఉంది.

అయితే క్రికెట్‌లో అప్పీలు కేక వినబడుతుంది. పేకముక్కల బల్ల దగ్గర 'మరచాడు' అని ఎప్పుడు తేల్చాలి? ఇక్కడ నియమకర్తలు చూపిన వివేకం మెచ్చదగినది. ఆటగాడు మాటిమాటికీ ట్రిగ్గర్ పేరు ఉచ్చరించాలని వారు శాసించలేదు. దాని ప్రభావం మొదటిసారి పైకి కనిపించవలసిన క్షణంలో, తనకది తెలుసునని ఏదో ఒక విధంగా తెలియజేస్తే చాలునన్నారు. గురి ఎంచుకోవలసిన ట్రిగ్గరైతే ఎంపిక అప్పుడే చెప్పాలి. ప్రాణబలం మారేదైతే ఆ తరువాతి పనికి దిగక ముందే అంకె మార్చాలి. పైకి కనిపించని మార్పు తెచ్చేదైతే, ఆ మార్పు లెక్కలోకి వచ్చేదాకా మౌనంగా ఉన్నా తప్పు లేదు.

ఈ చివరి తరహాలో ఒక చమత్కారం ఉంది. ఒంటరిగా దాడికి వెళ్ళిన ప్రాణికి ఆ వంతు వరకు బలం ఒకటి పెంచే శక్తి కొన్ని ముక్కలకు ఉంది. రెండు బలం గల ప్రాణి ఒంటరిగా బయలుదేరింది. యజమాని ఏమీ అనలేదు. మరచాడు కాబోలునని ప్రత్యర్థి రెండు బలం గల తన ప్రాణిని అడ్డుపెట్టాడు. రెండూ చస్తాయని అతడి లెక్క. దెబ్బలు లెక్కించే వేళ యజమాని ప్రశాంతంగా "మూడు" అన్నాడు. అంతే, ఒక్కటే చచ్చింది. అతడు సరైన సమయానికే చెప్పాడు గనుక ప్రత్యర్థి ఫిర్యాదు నిలవదు. అడిగితే మాత్రం అబద్ధం చెప్పరాదు. అడగని దానికి జవాబు లేకపోవటం అబద్ధం కాదు.

మరచినట్టు తేలిన తరువాత ఏమవుతుంది? ఆలస్యంగానైనా దాన్ని జరగనివ్వాలా వద్దా అన్న నిర్ణయాన్ని నియమం ప్రత్యర్థి చేతిలో పెట్టింది. మరచినవాడికి మేలు చేసే ట్రిగ్గరైతే ప్రత్యర్థి సహజంగానే వద్దంటాడు. కీడు చేసేదైతే సంతోషంగా రానిమ్మంటాడు. మరపు వల్ల ఎవరూ లాభపడకుండా చూసే ఉపాయం ఇది. దీనికి తోడు, సాధారణంగా యజమానికే కీడు కలిగించే ట్రిగ్గర్‌ను మరిస్తే హెచ్చరిక ఉంటుంది. మేలు కలిగించేదాన్ని మరిస్తే ఉండదు. నష్టమే తగిన శిక్ష కదా.

ఏది కీడు, ఏది మేలు అన్నది తేల్చటం అంత సులభం కాదు. 'డార్క్ కాన్ఫిడెంట్' అనే ముక్క ప్రతి వంతు ఆరంభంలో యజమానికి ఒక అదనపు ముక్కను ఇస్తుంది. ఆ వచ్చిన ముక్క ఖరీదెంతో అంత ప్రాణబలం తీసుకుంటుంది. ఆరంభంలో అది వరం. ప్రాణబలం ఒకటికి దిగినప్పుడు అదే మృత్యువు. అందుకే బల్ల మీద ఆనాటి పరిస్థితిని చూసి కీడు మేలు తేల్చరాదని, ఆ ముక్క మామూలు స్వభావాన్నే చూడాలని నియమం చెబుతుంది. 1993 నాటి 'హౌలింగ్ మైన్' మరీ తమాషా అయినది. అది ఆటగాళ్ళిద్దరికీ, ఎవరి వంతులో వారికి, ఒక ముక్క అదనంగా ఇస్తుంది. ప్రత్యర్థి తన వంతులో ఆ ముక్క తీసుకోవటం మరిస్తే తప్పు ఎవరిది? ప్రత్యర్థిది కాదు, హౌలింగ్ మైన్ యజమానిది! ట్రిగ్గర్ అతడిది గనుక, శత్రువుకు దక్కవలసిన ముక్కను గుర్తు చేయవలసినవాడు అతడే.

ఇక్కడే వంచన తలెత్తేది. ఎదుటివాడి ట్రిగ్గర్ విషయంలో మౌనం హక్కు. తన ట్రిగ్గర్ విషయంలో, అది తనకు కీడు చేస్తుందని తెలిసి మరపు నటించటం మోసం. దానికి శిక్ష పోటీ నుంచి బహిష్కరణ. ప్రాణబలం ఒకటే మిగిలిన ఆటగాడు డార్క్ కాన్ఫిడెంట్‌ను దాటి నేరుగా తన ముక్క తీసుకున్నాడనుకుంటే, అతడు మరచాడా, మరచినట్టు నటించాడా? బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. జడ్జి అతడిని పక్కకు పిలిచి, గత వంతులలో ఏం చేశాడో, ఆ క్షణంలో ఏమి ఆలోచిస్తున్నాడో అడిగి తెలుసుకోవాలి. ఎంత నియమావళి రాసినా ఈ పని మాత్రం మనిషి మనిషిని చదవటం మీదనే ఆధారపడి ఉంది.

మౌనానికి ఇచ్చిన ఈ స్వేచ్ఛ ట్రిగ్గర్లకే పరిమితమని గమనించాలి. ప్రత్యర్థి పొరపాటున రెండు ముక్కలు తీసుకున్నా, చాలినంత మంత్రశక్తి లేకుండా మంత్రం వేసినా, చూసినవాడు చెప్పితీరాలి. చేయవలసినది చేయకపోవటం ఒకటి, చేయరానిది చేయటం మరొకటి. మొదటిదానికే నియమం కళ్ళు మూసుకుంటుంది. ఈ గీత సరైన చోటనే గీశారా అన్న వాదం ఆటగాళ్ళలో పూర్తిగా చల్లారలేదు. నెగ్గటానికి మౌనమే మార్గమైతే ఆ నెగ్గు తమకు అక్కరలేదని, ఎదుటివాడికి గుర్తు చేసేవారు కొందరుంటారు. నియమం వారినీ ఆపదు.

మరపు ధర అన్నిటికంటె ఎక్కువగా కనిపించేది 'ప్యాక్ట్ ఆఫ్ నెగేషన్' అనే ముక్కలో. 2007లో వచ్చిన ఈ మంత్రాన్ని ఏమీ చెల్లించకుండా ప్రయోగించి ఎదుటివాడి మంత్రాన్ని రద్దు చేయవచ్చు. కాని తన తరువాతి వంతు ఆరంభంలో అయిదు పాళ్ళ మంత్రశక్తి చెల్లించాలి. చెల్లించకపోతే ఆట ఓడినట్టే. అరువు సరుకు వంటిది. బాకీ సంగతి మరచి మామూలుగా ముక్క తీసుకున్నవాడికి 'అయ్యో, ఇప్పుడు కడతాను' అనే వీలు లేదు. చెల్లించలేదనే భావించి అక్కడికక్కడే ఆట ముగించవచ్చు.

ఊళ్ళో దుకాణం వెనుక గదిలో జరిగే చిన్న పోటీలలో ఇంత కాఠిన్యం లేదు. 'కోరితే' అన్న మాట ఉన్న ట్రిగ్గర్ మరిస్తే వద్దనుకున్నట్టు లెక్క. తప్పనిసరిదైతే, ఆట మరీ తారుమారు కాదనుకుంటే జడ్జి అప్పుడే జరిపించేస్తాడు. హెచ్చరికలు, విచారణలు పెద్ద పోటీలకే.

2002 నుంచి ఈ ఆట కంప్యూటర్ మీద కూడా నడుస్తున్నది. 2019లో అధికారికంగా విడుదలైన 'అరీనా' మరింతమందిని ఆకర్షించింది. అక్కడ మరపు అన్నదే లేదు. ప్రతి మీటనూ యంత్రమే నొక్కుతుంది, ప్రతి అంకెనూ యంత్రమే మారుస్తుంది. యంత్రం ముందు ఆట నేర్చి తొలిసారి బల్ల ముందు కూర్చున్నవాడికి సోల్ వార్డెన్ మూగగా పడి ఉండటం వింతగానే తోస్తుంది.

అనుభవజ్ఞులు మాత్రం తమ ఉపాయం తాము కనిపెట్టుకున్నారు. వంతు ఆరంభంలో జరగవలసిన పని ఏదైనా ఉంటే, ముక్క తీసుకోవలసిన కట్ట మీద ఒక పాచికను పెట్టుకుంటారు. చేయి కట్ట దగ్గరకు వెళ్ళగానే వేళ్ళకు ముందు పాచిక తగులుతుంది.