కొత్త ముక్కకు ఎన్ని మార్కులు?

బాలలూ! మొన్న వేసవి సెలవులకు మా మనుమడు ఏన్కూరు వచ్చాడు. వాడు తొమ్మిదో తరగతి. వచ్చిన మరునాడే అరుగుమీద కూర్చుని, తల్లి సెల్‌ఫోనులో రంగురంగుల బొమ్మలు చూస్తూ, నోటుబుక్కులో మార్కులు వేసుకొంటున్నాడు.

"ఏమిరా, నాకు పోటీగా పేపర్లు దిద్దుతున్నావా?" అన్నాను.

"కాదు తాతయ్యా! మా ఆటలో కొత్త ముక్కలు వస్తున్నాయి. ఏవి మంచివో ముందే తేల్చుకుని, అమ్మనడిగి ఐదువందల రూపాయలకు పొట్లాలు కొంటాను" అన్నాడు.

పొట్లం విప్పేదాకా అందులో ఏ ముక్క ఉన్నదీ తెలియదట! కోరినదే వస్తుందన్న పూచీ లేదు. ఐదువందల రూపాయల మాట గనుక నేనూ కళ్ళజోడు సవరించుకుని వాడి ప్రక్కన కూర్చున్నాను.

ఆ ఆట పేరు హార్త్‌స్టోన్. అమెరికాలోని బ్లిజార్డ్ అనే సంస్థ 2014లో దీనిని విడుదల చేసింది. ఇటువంటి ఆటలకు పెద్దన్న వంటిది 'మ్యాజిక్: ద గ్యాదరింగ్' అనే అట్టముక్కల ఆట. దానిని రిచర్డ్ గార్ఫీల్డ్ అనే గణిత పండితుడు తయారుచేయగా, అది 1993లో వెలువడింది. మన పేకాటలో అందరికీ ఒకే కట్ట. వీటిలో ఎవరి కట్ట వారిదే. హార్త్‌స్టోన్‌లో సాధారణంగా 30 ముక్కలు ఏరుకోవాలి. ప్రతి ముక్కకూ ఒక ఖర్చు ఉంటుంది. మొదటి వంతులో మన చేతిలో ఖర్చుకు ఉండేది 1. రెండో వంతులో 2. ఇట్లా 10 వరకూ పెరుగుతుంది.

మావాడు ఒక ముక్కకు పదికి తొమ్మిది వేశాడు. ఎందుకని అడిగితే, "అంకెలు చూడు తాతయ్యా, ఎంత పెద్దవో!" అన్నాడు.

అప్పుడు వాడికి మన గంజీఫా సంగతి చెప్పాను. నిర్మల్ చిత్రకారులు చేతితో రంగులు వేసిన గుండ్రని పేకముక్కలను మీలో కొందరు చూచే ఉంటారు. దశావతార గంజీఫాలో 10 రంగులు, రంగుకు 12 చొప్పున 120 ముక్కలు. ప్రతి రంగులోనూ రాజు, మంత్రి పెద్దవాళ్ళు. ఆ తరువాతే తమాషా! సగం రంగులలో పదే పెద్దది, ఒకటి చిన్నది. మిగిలిన సగంలో ఒకటే పెద్దది, పది అన్నిటికన్నా చిన్నది. చూచారా? అంకె అదే, విలువ మాత్రం ఏ రంగులో ఉన్నదన్నదాన్ని బట్టి మారిపోయింది.

"మరి కొత్త ముక్కను ఎట్లా చూడాలి?" అన్నాడు మనుమడు.

"మన మిరప రైతు కొత్త విత్తనాన్ని చూచినట్లు" అన్నాను. పొట్లంమీది ఎర్రని కాయ బొమ్మను చూచి అనుభవమున్న రైతు మురిసిపోడు. ఖర్చెంత? కాపు ఎప్పటికి వస్తుంది? తెగులు తగిలితే ఏమైనా మిగులుతుందా? నా నేలకు పడుతుందా? ఈ నాలుగూ అడుగుతాడు. అప్పటికీ మొదటి ఏడు కొద్ది నేలలోనే వేసి చూస్తాడు.

ఆ నాలుగు ప్రశ్నలే ముక్కకూ వేశాము. 7 ఖర్చయ్యే ముక్క మామూలుగా ఏడో వంతు దాకా చేతిలో ఊరకే కూర్చుంటుంది. ఈలోగా ఓడిపోతామేమో చూడాలి. వచ్చిన వెంటనే పని చేస్తుందా? ఎదుటివాడు దాన్ని పడగొడితే మనకేమి మిగులుతుంది? మన కట్టలోని తక్కిన 29 ముక్కలతో కలిసివస్తుందా?

పెద్ద ఆటగాళ్ళు సైతం ఇక్కడ పొరబడ్డారు. ఆటలో వార్ గోలెం అనే ముక్క ఉండేది. ఖర్చు 7, బలం 7, ప్రాణం 7. దానిని ఎవరూ పెద్దగా వాడేవారు కాదు. 2014 డిసెంబరులో డాక్టర్ బూమ్ అనే కొత్త ముక్క వచ్చింది. దీనికీ అవే మూడు ఏడులు. "ఇదీ అటువంటిదే" అని విడుదలకు ముందే చాలామంది తక్కువ మార్కులు వేశారు. కాని దానితో పాటు రెండు చిన్న మరబొమ్మలు దిగుతాయి. ఒక్కొక్కటి చచ్చేటప్పుడు శత్రుపక్షంలో ఎవరికో ఒకరికి 1 నుంచి 4 వరకు దెబ్బ కొడుతుంది.

ఇప్పుడు లెక్క చేయండి. 1, 2, 3, 4 కూడితే 10. నాలుగుతో భాగిస్తే సగటు రెండున్నర. రెండు బొమ్మలకు 5! పైగా పెద్దవాణ్ణి ఒక్క దెబ్బతో పడగొట్టినా చిన్నవి రెండూ మిగులుతాయి. ఆ ముక్క కొన్నాళ్ళకే ఆటలో ఎక్కడ చూచినా కనిపించింది.

ఇంకొక చిక్కు ఉంది. అట్టముక్కపై అచ్చయిన అంకె మారదు. ఫోనులో ముక్కను తయారుచేసినవారే మార్చగలరు. 2014 సెప్టెంబరులో లీరాయ్ జెంకిన్స్ అనే ముక్క ఖర్చును 4 నుంచి 5 చేశారు. ఆ ఒక్క అంకెతో పాత మార్కులన్నీ తిరిగి దిద్దుకోవలసి వచ్చింది.

కనుక మేమొక ఒప్పందం చేసుకున్నాము. పది ముక్కలకు మార్కులు వేసి, ప్రతిదాని ప్రక్కన కారణం వ్రాయాలి. నెల రోజులు ఆడి, తిరిగి చూడాలి. అంతవరకు డబ్బు మాట ఎత్తరాదు. ఆటలో గెలిచిన బంగారు నాణాలతో వచ్చిన పొట్లాలే చాలు. నెల తిరిగాక వాడు ఫోను చేశాడు. "తాతయ్యా, పదింటిలో నాలుగు తప్పాను! తొమ్మిది వేసిన ముక్కకు ఇప్పుడు మూడే!" అన్నాడు. ఐదువందలు అమ్మ దగ్గరే ఉన్నాయి.

వాణ్ణి మెచ్చుకున్నాను గాని, నా తప్పొకటి జ్ఞాపకం వచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, అడవి ప్రక్క బడిలో ఒక కోయ పిల్లవాడు ఉండేవాడు. లెక్కల పరీక్షలో వాడికి పదికి రెండు వేసి, 'మందబుద్ధి' అని నా పుస్తకంలో వ్రాసుకున్నాను. ఒకనాడు సంతలో వాడు తల్లి ప్రక్కన కూర్చుని విప్పపూవు అమ్ముతున్నాడు. మానికల లెక్క, రూపాయల లెక్క, ఇవ్వవలసిన చిల్లర, అంతా నోటితోనే నాకన్నా ముందు చెప్పేశాడు. వాడికి రానిది లెక్క కాదు, నా ప్రశ్నలోని తెలుగు. మరునాడు ప్రశ్నను సంత మాటలలో అడిగాను. పదికి తొమ్మిది వచ్చాయి. నా పుస్తకంలోని ఆ మాటను కొట్టివేశాను.

ముక్కకు తప్పు మార్కులు వేస్తే ఆట పోతుంది, అంతే. అందుకే బాలలూ, మార్కులు వేసేటప్పుడు కారణం వ్రాయండి. దిద్దుకొనేందుకు ప్రక్కన కొంచెం చోటు వదలండి.